ఇంట్లో పాటలు వినడానికి తక్కువ ఖర్చులో నెట్‌వర్క్ స్టోరేజ్ ఎంచుకోవడం ఎలా?

ఏళ్ల తరబడి పోగేసిన పాటలు చాలా ఇళ్లలో చెల్లాచెదురుగా ఉంటాయి. సీడీల నుంచి ఎక్కించినవి కంప్యూటర్‌లో కొన్ని, డబ్బు పెట్టి డౌన్‌లోడ్ చేసుకున్నవి ఒక యూఎస్‌బీ డిస్క్‌లో కొన్ని, పాత ల్యాప్‌టాప్‌లో మర్చిపోయినవి మరికొన్ని. వీటన్నిటినీ ఒకచోట చేర్చి, ఏ గదిలో ఉన్నా, ఫోన్‌లోనైనా స్పీకర్‌లోనైనా వినేలా చేసేది నెట్‌వర్క్ స్టోరేజ్. వాడుకలో నాస్ అంటారు. రౌటర్‌కి కేబుల్‌తో కలిపి ఎప్పుడూ ఆన్‌లో ఉంచే చిన్న కంప్యూటర్, అందులో ఒకటో రెండో హార్డ్ డిస్కులు. అంతే.

కొందామని వెతకడం మొదలుపెట్టగానే నాలుగు డిస్కుల పెట్టెలు, 2.5 గిగాబిట్ పోర్టులు, 8 జీబీ ర్యామ్ అంటూ సలహాలు వచ్చిపడతాయి. అవి తప్పుడు సలహాలు కావు గానీ, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి, పదిమంది పనిచేసే ఆఫీసులకి పనికొచ్చేవి. పాట వినిపించడం నెట్‌వర్క్‌కీ డిస్క్‌కీ చాలా తేలికైన పని. కాబట్టి పెట్టె ఎంత చౌకదైనా ఫర్వాలేదు, మీ ప్లేయర్‌తో సరిగ్గా కలిసి పనిచేస్తే చాలు. మిగిల్చిన డబ్బుతో పాటలకి రెండో కాపీ ఏర్పాటు చేసుకోండి. కింద చెప్పే పనులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. వరసగా చేసుకుంటూ వెళ్తే కొనాల్సింది ఏమిటో దానంతట అదే తేలుతుంది.

1. అసలు నాస్ కావాలా అని చూసుకోండి

పాటలు వినేది ఒకే గదిలో, ఒకే ప్లేయర్‌లో అయితే నాస్ అవసరం లేకపోవచ్చు. ఈమధ్య వచ్చే నెట్‌వర్క్ ప్లేయర్లు, ఆంప్లిఫయర్లు చాలావాటికి వెనక యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. పాటలన్నీ ఉన్న డిస్క్‌ని అక్కడ పెడితే ప్లేయరే జాబితా తయారుచేసుకుంటుంది. ఖర్చు ఒక డిస్క్, దాని కాపీకి ఇంకో డిస్క్. కొన్ని ప్లేయర్లయితే తమకు పెట్టిన ఆ డిస్క్‌ని మిగతా ఇంటికి కూడా షేర్ చేస్తాయి. మీ ప్లేయర్ మాన్యువల్‌లో ఈ ఒక్క విషయం చూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

రెండు మూడు గదుల్లో వినాలన్నా, ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు పాటలు ఒకేసారి పెట్టుకోవాలన్నా, కంప్యూటర్ ఆపేసినా పాటలు అందుబాటులో ఉండాలన్నా అప్పుడు నాస్ కొనడంలో అర్థముంది.

2. మీ పాటలకి ఎంత చోటు కావాలో లెక్కేయండి

అందరూ ఎక్కువ అంచనా వేసేది ఇక్కడే. సీడీ మీద ధ్వని సెకనుకి 1,411 కిలోబిట్ల వేగంతో ఉంటుంది. అంటే గంట సంగీతానికి సుమారు 635 ఎంబీ. దాన్ని ఫ్లాక్ అనే ఫైల్ రకంలోకి మారిస్తే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా దాదాపు సగానికి కుదించుకుపోతుంది. గంట నిడివి ఉన్న ఒక సీడీకి 300 నుంచి 400 ఎంబీ అనుకోండి. 320 కిలోబిట్ల ఎంపీ3 అయితే గంటకి 144 ఎంబీ. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ హై-రెజల్యూషన్ ఫైళ్లు మాత్రం గంటకి ఒక జీబీ దాటుతాయి.

ఇప్పుడు మీ అల్మారాలో సీడీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 500 సీడీలు ఉన్నవాళ్లకి ఫ్లాక్‌లో 175 జీబీ చాలు. ఒక టీబీ డిస్క్‌లో 2,500 ఆల్బమ్‌ల పైనే పడతాయి. ఇప్పుడున్న మొత్తం ఎంతో చూసుకుని, దానికి రెట్టింపు తీసుకోండి. చాలా ఇళ్లకి 1 లేదా 2 టీబీ దగ్గరే లెక్క ఆగిపోతుంది. హై-రెజల్యూషన్ ఫైళ్లు వందల కొద్దీ కొనే అలవాటుంటే 4 టీబీకి వెళ్లండి. డిస్క్ మీద 1 టీబీ అని రాసినా విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తుంది. టెన్షన్ పడకండి, డిస్క్‌లో లోపం లేదు. తయారీదారులు వెయ్యితో గుణిస్తే విండోస్ 1,024తో గుణిస్తుంది.

వేగం సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. సీడీ నాణ్యత ఫ్లాక్ పాట నడవడానికి సెకనుకి ఒక మెగాబిట్ అటూ ఇటూ కావాలి. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైల్‌ని అసలు కుదించకుండా పంపినా 9.2 మెగాబిట్లే. మామూలు గిగాబిట్ పోర్టు ఇచ్చేది 1,000 మెగాబిట్లు. పాత 100 మెగాబిట్ల పోర్టు ఉన్న పెట్టె కూడా ఐదు గదుల్లో ఐదు పాటల్ని ఒకేసారి హాయిగా వినిపిస్తుంది. వేగం తేడా తెలిసేది మొదటిసారి పాటలన్నీ ఎక్కించేటప్పుడు మాత్రమే: 500 జీబీ ఎక్కించడానికి గిగాబిట్ మీద గంటా పదిహేను నిమిషాలు పడితే, 100 మెగాబిట్ల మీద దాదాపు పన్నెండున్నర గంటలు పడుతుంది. అది ఒక్క రాత్రి పని. ఆ ఒక్క రాత్రి కోసం ఖరీదైన పోర్టులు కొనక్కర్లేదు.

3. మీ ప్లేయర్ పాటల్ని ఎలా తీసుకుంటుందో కనుక్కోండి

మిగతావన్నీ తర్వాత సర్దుకోవచ్చు, ఇది మాత్రం కొనకముందే తేలాలి. నాస్ బాగుంటుంది, ప్లేయర్ బాగుంటుంది, రెండూ ఒకదానికొకటి కనిపించవు. చాలామంది నిరాశపడేది ఇక్కడే. ప్లేయర్లు పాటల్ని మూడు దారుల్లో తీసుకుంటాయి.

మొదటి దారి ఫైల్ షేరింగ్. నాస్‌లోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద తెరిచి ఉంచుతారు, ప్లేయర్ వచ్చి ఆ ఫోల్డర్ మొత్తం చదివి జాబితా తానే తయారుచేసుకుంటుంది. విండోస్ కంప్యూటర్లు వాడే ఎస్ఎంబీ పద్ధతి ఇందుకు పనిచేస్తుంది. సోనోస్ స్పీకర్లు, వాల్యూమియో, మూడ్ లాంటి ప్లేయర్ సాఫ్ట్‌వేర్లు, ఫోన్‌లో వీఎల్‌సీ ఇలా పనిచేస్తాయి. ఈ దారిలో నాస్ చేసే పనంటూ పెద్దగా ఉండదు, అన్నిటికన్నా చౌకది చాలు. కాకపోతే రెండు విషయాలు చూసుకోవాలి. ప్లేయర్ ఎన్ని పాటల జాబితా భరించగలదన్నది ఒకటి. సోనోస్‌కి ఆ హద్దు 65,000 పాటలు. రెండోది ఎస్ఎంబీ వెర్షన్. కొన్ని పాత ప్లేయర్లకి ఎస్ఎంబీ మొదటి వెర్షన్ తప్ప వేరేది తెలియదు. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) అదే వెర్షన్‌లోని లోపం మీద వ్యాపించింది. అందుకే కొత్త నాస్‌లలో ఆ వెర్షన్ ఆపేసి ఉంటుంది. మీ ప్లేయర్‌కి రెండో వెర్షనో మూడో వెర్షనో వస్తే ఏ చిక్కూ లేదు. మొదటిదే కావాలంటే, దాన్ని నాస్‌లో ఆన్ చేయడం కన్నా కింద చెప్పే రెండో దారి వాడుకోవడం మేలు.

రెండో దారి డీఎల్ఎన్ఏ, లేదా దాని కింద ఉండే యూపీఎన్‌పీ. ఇక్కడ జాబితా తయారుచేసేది నాస్. ప్లేయర్ వచ్చి ఏమున్నాయని అడిగితే గాయకులు, ఆల్బమ్‌లు, సంవత్సరాలు అంటూ వరస చూపిస్తుంది. టీవీలు, ఏవీ రిసీవర్లు, నెట్‌వర్క్ ప్లేయర్లలో ఎక్కువ భాగం దీన్ని అర్థం చేసుకుంటాయి. రెడీమేడ్ నాస్‌లు దాదాపు అన్నిటిలో ఇలాంటి మీడియా సర్వర్ ఒకటి ఉంటుంది. అది నచ్చకపోతే మినిమ్‌సర్వర్ పెట్టుకోవచ్చు. సంగీతం కోసమే రాసిన సర్వర్ కాబట్టి ట్యాగుల్ని, అంటే పాట ఫైల్‌లోనే రాసి ఉండే గాయకుడు, ఆల్బమ్ లాంటి వివరాల్ని, చాలా శ్రద్ధగా వాడుకుంటుంది. శాస్త్రీయ సంగీతం ఎక్కువగా వినేవాళ్లు స్వరకర్త పేరుతోనో, వాద్యం పేరుతోనో వెతుక్కోవాలంటే నేను మొదట దీన్నే ప్రయత్నించమంటాను. ఈ దారిలో ఒక ఇబ్బంది ఉంది. ఒక పాట నుంచి ఇంకో పాటకి మధ్యలో ఖాళీ రాకుండా వినిపించడం అన్ని ప్లేయర్లకీ చేతకాదు. కచేరీ రికార్డింగులు వినేటప్పుడు ఆ అర సెకను నిశ్శబ్దం ప్రాణం మీదికి తెస్తుంది. కొనే ముందు మీ ప్లేయర్ పేరుతో పాటు గ్యాప్‌లెస్ అన్న మాట కూడా వేసి వెతకండి.

మూడో దారిలో సర్వరూ దానికి జతగా యాప్ కలిసి వస్తాయి. నావిడ్రోమ్, జెల్లీఫిన్, ప్లెక్స్, లిరియన్ మ్యూజిక్ సర్వర్, రూన్ ఈ కోవలోవి. ఫోన్‌లో అందమైన యాప్, ప్లేలిస్టులు, ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకోవడం, ఇంటి బయట వినడం, ఇవన్నీ కావాలంటే ఈ దారే. నావిడ్రోమ్ చాలా తేలికైంది, తక్కువ ర్యామ్‌తో నడుస్తుంది. సబ్‌సోనిక్ పద్ధతి తెలిసిన ఫోన్ యాప్‌లన్నీ దానితో కలుస్తాయి కాబట్టి యాప్ నచ్చకపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. లిరియన్ అంటే ఒకప్పటి లాజిటెక్ మీడియా సర్వరే, 2024లో పేరు మారింది. అన్ని గదుల్లో ఒకే పాట ఒకేసారి రావాలంటే ఉచితంగా దొరికేవాటిలో దానికి సాటి వచ్చేవి తక్కువ. రూన్ మాత్రం వేరే తరగతి. దానికి కనీసం ఇంటెల్ కోర్ ఐ3 స్థాయి ప్రాసెసర్, డేటాబేస్‌కి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) కావాలి. చౌక నాస్ మీద దాన్ని నడపాలని చూడకండి. రూన్ కావాలనుకుంటే సర్వర్‌ని ఒక మినీ పీసీలో పెట్టి, నాస్‌ని కేవలం ఫైళ్లు దాచడానికి వాడుకోండి.

ఈ మూడో దారి ఎంచుకుంటే నాస్‌కి ఆ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఉందా, లేక డాకర్ (ఇలాంటి సాఫ్ట్‌వేర్లని విడి పొట్లాలుగా నడిపే ఏర్పాటు) నడుస్తుందా అన్నది కొనే మోడల్ పేజీలోనే చూసుకోవాలి. కంపెనీకి ఆ సౌకర్యం ఉంటే చాలదు. అదే కంపెనీ చౌక మోడళ్లలో కొన్నింటికి అది ఉండకపోవచ్చు.

4. పెట్టె ఎంచుకోండి

ఇక్కడికి వచ్చేసరికి ఎంత చోటు కావాలో, ఏ దారిలో వినాలో తెలుసు. తక్కువ ఖర్చు నుంచి ఎక్కువకి వెళ్దాం.

అన్నిటికన్నా చౌక, రౌటర్ వెనకున్న యూఎస్‌బీ పోర్టులో డిస్క్ పెట్టడం. కొత్తగా కొనేది డిస్క్ ఒక్కటే. రౌటర్లలో ప్రాసెసర్ చిన్నది, ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ తరచుగా పాతది, అప్‌డేట్‌లు అరుదు. కొన్ని రౌటర్లు పాత ఎస్ఎంబీ వెర్షనే ఇస్తాయి. పదివేల పాటలకి జాబితా తయారుచేయమంటే కొన్ని చేతులెత్తేస్తాయి. అయినా సరే, ఖర్చు లేని పని కాబట్టి ఒక వారం పెట్టి చూడండి. అది సరిపోతే ఇక కొనేదేమీ లేదు.

తర్వాతది రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు, దానికొక యూఎస్‌బీ డిస్క్. 2019లో వచ్చిన పై 4 నుంచి నిజమైన గిగాబిట్ పోర్టు, యూఎస్‌బీ 3 పోర్టులు ఉన్నాయి. ఓపెన్‌మీడియావాల్ట్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ పెడితే వెబ్ పేజీలోంచే ఫోల్డర్లు, యూజర్లు, బ్యాకప్‌లు సర్దుకోవచ్చు. దీంట్లో ఎక్కువమందికి తగిలే దెబ్బ కరెంటు దగ్గర. పై 4 తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లే. డిస్క్ తిరగడం మొదలుపెట్టినప్పుడు అంతకన్నా ఎక్కువ లాగితే మధ్యలో మాయమైపోతుంది, ఫైళ్లు పాడవుతాయి. సొంత పవర్ అడాప్టర్ ఉన్న 3.5 అంగుళాల డిస్క్‌గానీ, అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌గానీ వాడితే ఈ బాధ ఉండదు. లినక్స్‌తో కాస్త పరిచయం ఉండి, ఏదైనా ఆగిపోతే కూర్చుని చూసుకునే ఓపిక ఉంటేనే ఈ దారిలో వెళ్లండి.

ఇంట్లో వాడకుండా పడి ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే అది కూడా మంచి నాస్ అవుతుంది. కరెంటు పోయినా ఒక్కసారిగా ఆగిపోకుండా దాని బ్యాటరీ ఆదుకుంటుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం అలాంటి ల్యాప్‌టాప్‌ని రోజంతా ఆన్‌లో పెట్టకండి, ప్రమాదం. పాత డెస్క్‌టాప్ ఉచితంగా దొరికినా వెనకాడండి. రోజంతా 50 వాట్లు తీసుకుంటే ఏడాదికి 438 యూనిట్లు అవుతుంది. 15 వాట్లతో నడిచే చిన్న నాస్‌కి అయ్యేది 131 యూనిట్లు. రెండు మూడేళ్ల కరెంటు బిల్లు కలిపి చూస్తే ఉచితంగా వచ్చింది ఉచితం కాదు.

ఇవేవీ వద్దు, కొని పెట్టేసి పాటలు వింటాను అనేవాళ్లకి రెడీమేడ్ నాస్. సినాలజీ, క్యూనాప్, అసస్టర్, టెర్రామాస్టర్ లాంటి కంపెనీలు ఒక డిస్క్, రెండు డిస్కుల మోడళ్లు అమ్ముతున్నాయి. ధర చూసేటప్పుడు అది ఖాళీ పెట్టె ధరో, డిస్క్‌తో కలిపిన ధరో చూసుకోండి. చాలావరకు ఖాళీ పెట్టె ధరే ఉంటుంది. ఏ డిస్కులు నప్పుతాయో కంపెనీ ఇచ్చే జాబితాని కూడా ఒకసారి చూడండి. మొదటి రెండు దారులకి ఒక జీబీ ర్యామ్ ఉన్నది చాలు. మూడో దారికి రెండు జీబీ ఉంటే సుఖం.

ఒక డిస్కా, రెండు డిస్కులా? రెండు డిస్కులు పెట్టి రైడ్ 1 చేస్తే ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. ఒకటి పోయినా పాట ఆగదు. బాగానే ఉంది కానీ, మీరు పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే అదే క్షణంలో రెండిట్లోనూ పోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లు లాక్ చేసినా, పిడుగుపాటుకి పెట్టె కాలిపోయినా అంతే. రైడ్ ఇచ్చేది అంతరాయం లేకపోవడం మాత్రమే. వ్యాపారానికి అది ముఖ్యం. ఇంట్లో రెండు రోజులు పాటలు ఆగితే కొంప మునగదు, పాటలు పోతే మాత్రం మునుగుతుంది. అందుకే బడ్జెట్ బిగుతుగా ఉంటే నా సలహా స్పష్టం: ఒక డిస్క్ నాస్ కొనండి, రెండో డిస్క్‌ని బయట ఉండే యూఎస్‌బీ డిస్క్‌గా కొని బ్యాకప్‌కి వాడండి.

సెకండ్ హ్యాండ్ నాస్ దొరికితే, ఆ మోడల్‌కి కంపెనీ ఇంకా సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇస్తోందా అన్నది మొదట చూడాలి. వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ అనే డిస్కులకి చివరి అప్‌డేట్ 2015లో వచ్చింది. 2021 జూన్‌లో ఎవరో ఇంటర్నెట్ మీదుగా వాటిలోకి చొరబడితే చాలామంది డిస్కులు పూర్తిగా ఖాళీ అయిపోయాయి. పెట్టె బాగా పనిచేస్తూనే ఉంది, లోపల ఏళ్ల నాటి ఫైళ్లు లేవు. అప్‌డేట్‌లు ఆగిపోయిన పెట్టె ఎంత చౌకగా వచ్చినా వదిలేయండి.

సంగీతం కోసమే ప్రత్యేకం అంటూ అనేక రెట్ల ధరకి అమ్మే నాస్‌లు కూడా కనిపిస్తాయి. ఫైల్ నెట్‌వర్క్ మీద వచ్చేటప్పుడు దారిలో ఏదైనా ముక్క చెడితే దాన్ని గుర్తించి మళ్లీ తెప్పించే ఏర్పాటు నెట్‌వర్క్ వాడే టీసీపీ పద్ధతిలోనే ఉంది. పక్క గదిలో ఉన్న పెట్టె ఖరీదు పెరిగితే ప్లేయర్‌కి చేరే ఫైల్‌లో ఒక్క బిట్ కూడా మారదు. మెరుగైన ధ్వని కావాలంటే ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టండి.

5. డిస్క్ ఎంచుకోండి

హార్డ్ డిస్కులు రాసే పద్ధతిని బట్టి సీఎంఆర్, ఎస్ఎంఆర్ అని రెండు రకాలు. ఎస్ఎంఆర్ డిస్క్‌లో ట్రాకులు ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి కాబట్టి మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తే బాగా నెమ్మదిస్తుంది. రైడ్‌లో ఒక డిస్క్ మార్చి మళ్లీ నింపేటప్పుడు ఇది పెద్ద తలనొప్పి. నాస్ కోసమని అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని 2020లో బయటపడ్డాక పెద్ద గొడవైంది. ఆ తర్వాత కంపెనీ సీఎంఆర్ డిస్కుల్ని రెడ్ ప్లస్ అని వేరు చేసింది. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ డిస్కులు సీఎంఆర్. నాస్ లోపల పెట్టేదానికి సీఎంఆర్ తీసుకోండి. బ్యాకప్‌కి వాడే యూఎస్‌బీ డిస్క్ ఎస్ఎంఆర్ అయినా బాధపడక్కర్లేదు, పాటలు ఒకసారి రాస్తే అలాగే ఉంటాయి.

చప్పుడు గురించి కూడా ఆలోచించండి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ కన్నా 5,400 సార్లు తిరిగేది తక్కువ చప్పుడుతో, చల్లగా ఉంటుంది. పాటకి ఆ వేగం ఎక్కువే. 1 టీబీతో సరిపోయేవాళ్లు ఎస్ఎస్‌డీ తీసుకుంటే అసలు చప్పుడే ఉండదు. ఏదేమైనా నాస్‌ని వినే గదిలో పెట్టకపోవడమే ఉత్తమం. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. రౌటర్ ఎక్కడుంటే దాని పక్కన, గాలి ఆడే చోట పెట్టండి.

6. ముందు రెండో కాపీ, తర్వాతే పాట

నాస్ ఆన్ చేసిన రోజునే బ్యాకప్ కూడా పెట్టేయండి. తర్వాత చూద్దాం అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ఇంటి సంగీతం విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మార్కెట్‌లో మళ్లీ దొరకని రికార్డింగులు, క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, ఇంట్లోవాళ్లు పాడినవి, ఏళ్లు కూర్చుని సరిచేసిన ట్యాగులు అన్నీ అందులోనే ఉంటాయి. సీడీలు అల్మారాలో ఉన్నాయి కదా అనుకోవచ్చు. 500 సీడీలు మళ్లీ ఒక్కొక్కటీ ఎక్కించాలంటే ఎన్ని వారాలు పడుతుందో ఊహించండి.

బ్యాకప్‌కి అందరూ చెప్పే 3-2-1 పద్ధతి ఇక్కడ చక్కగా సరిపోతుంది: మొత్తం మూడు కాపీలు, కనీసం రెండు వేర్వేరు పరికరాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. నాస్‌లో ఉన్నది ఒకటి. నాస్ యూఎస్‌బీ పోర్టుకి తగిలించే డిస్క్ రెండోది. కొత్త పాటలు చేర్చినప్పుడు తగిలించండి, కాపీ అయ్యాక పీకేసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉన్న డిస్క్‌ని రాన్సమ్‌వేర్ కూడా ఎప్పుడైనా అందుకోగలదు. మూడోది చుట్టాలింట్లోనో, స్నేహితుల దగ్గరో ఉంచే డిస్క్. ఏడాదికి రెండుసార్లు తెచ్చి కొత్తవి ఎక్కిస్తే చాలు. వెంటనే మూడూ కుదరకపోతే రెండోదాన్ని మాత్రం వాయిదా వేయకండి.

7. నాస్ అమర్చండి

నాస్‌ని వైఫైతో కాకుండా కేబుల్‌తోనే రౌటర్‌కి కలపండి. తర్వాత రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి నాస్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రస్ వచ్చేలా రిజర్వ్ చేయండి. ఇది చేయకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు నాస్ అడ్రస్ మారిపోయి, ప్లేయర్‌లో లైబ్రరీ మొత్తం మాయమైనట్టు కనిపిస్తుంది. రెండు నిమిషాల పని, తర్వాత చాలా చికాకు తప్పుతుంది.

ప్లేయర్ల కోసం నాస్‌లో వేరే యూజర్ ఒకటి తయారుచేయండి. ఆ యూజర్‌కి పాటల ఫోల్డర్ చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి, రాసే అనుమతి వద్దు. ప్లేయర్ చేయాల్సింది చదవడమే. ఇలా చేస్తే పిల్లలు టీవీలో ఏం నొక్కినా, ఏ ప్లేయర్‌లోకి వైరస్ వచ్చినా పాటలకి ఏమీ కాదు. పాటలు చేర్చే అనుమతి మీ కంప్యూటర్‌లో వాడే యూజర్‌కి ఒక్కదానికే ఉండాలి.

రౌటర్‌లో నాస్ కోసం పోర్టులు (ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే దారులు) తెరవకండి. ఇంటి బయట వినాలనుకుంటే టెయిల్‌స్కేల్ లేదా వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి, ఫోన్ బయట ఉన్నా ఇంట్లో ఉన్నట్టే కలుస్తుంది.

వాడనప్పుడు డిస్క్ నిద్రపోయే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని మరీ తక్కువ పెడితే పాట నొక్కిన ప్రతిసారీ డిస్క్ లేచేదాకా కొన్ని సెకన్లు ఆగాల్సి వస్తుంది, కొన్ని ప్లేయర్లు అంతసేపు ఆగలేక ఎర్రర్ ఇస్తాయి. అరగంటో గంటో పెట్టండి. కరెంటు తరచూ పోయే చోట చిన్న యూపీఎస్ ఒకటి తప్పనిసరి. యూఎస్‌బీ కేబుల్‌తో నాస్‌కి కలిపే రకం అయితే బ్యాటరీ అయిపోయే ముందు నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది.

8. పాటలు ఎక్కించండి, పేర్లు సరిచేయండి

ఎక్కించకముందే ట్యాగులు సరిచేసుకోండి. ఎంత మంచి నాస్ అయినా, ట్యాగులు గజిబిజిగా ఉంటే కావలసిన పాట దొరకదు. ఇందుకు మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్, విండోస్‌లో అయితే ఎంపీ3ట్యాగ్ ఉచితంగా దొరుకుతాయి. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే ట్యాగ్. ఒక్కో పాట ఒక్కొక్కరు పాడిన ఆల్బమ్‌లో ఈ ట్యాగ్ ఖాళీగా ఉంటే చాలా సర్వర్లు ఆ ఒక్క ఆల్బమ్‌ని ఆరు ముక్కలు చేసి చూపిస్తాయి. అన్ని పాటలకీ ఒకే ఆల్బమ్ ఆర్టిస్ట్ రాస్తే మళ్లీ ఒక్కటవుతుంది. పేర్లు తెలుగు లిపిలో రాసుకోవాలనుకుంటే ఫ్లాక్ ఫైళ్లలో ఇబ్బంది లేదు, వాటి ట్యాగులు అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8లోనే ఉంటాయి. ఎంపీ3లో పాత ఐడీ3 మొదటి వెర్షన్ ట్యాగులు తీసేసి కొత్త వెర్షన్‌వే ఉంచండి. మీ ప్లేయర్ తెర మీద తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయా అన్నది మాత్రం ఒక ఆల్బమ్‌తో పరీక్షించి చూశాకే మిగతావి మార్చండి.

ఫోల్డర్లు గాయకుడు, అందులో ఆల్బమ్, అందులో ట్రాక్ నంబరుతో పాటలు, ఇంత సాదాగా ఉంటే చాలు. కవర్ బొమ్మ ఆల్బమ్ ఫోల్డర్‌లోనే పెట్టండి, 500 నుంచి 1,000 పిక్సెళ్లు సరిపోతుంది. ప్రతి పాటలోనూ ఐదేసి ఎంబీల బొమ్మ ఇరికిస్తే చిన్న ప్లేయర్లు జాబితా చూపించడానికే ఆయాసపడతాయి.

మొదట ఒక ఇరవై ఆల్బమ్‌లు మాత్రమే ఎక్కించి, ప్లేయర్‌లో అన్నీ అనుకున్నట్టు వస్తున్నాయో లేదో చూడండి. మొత్తం ఎక్కించాక ట్యాగుల్లో ఒక పద్ధతి మార్చాలంటే వేల ఫైళ్లు మళ్లీ రాయాలి. బాగుందనిపిస్తే మిగతావి రాత్రికి వదిలేసి పడుకోండి. సర్వర్ జాబితా పూర్తిచేయడానికి చిన్న ప్రాసెసర్ల మీద గంటలు పట్టొచ్చు, ఆ సమయంలో నెమ్మదిగా అనిపిస్తే కంగారుపడి ఆపేయకండి.

పాట ఆగి ఆగి వస్తుంటే

నాస్‌ని అనుమానించే ముందు ప్లేయర్ వైపు చూడండి. దాదాపు ఎప్పుడూ తప్పు అక్కడి వైఫైదే. ప్లేయర్‌ని తాత్కాలికంగా కేబుల్‌తో రౌటర్‌కి కలిపి అదే పాట పెట్టండి. సాఫీగా వస్తే నాస్‌లో లోపం లేదు, ప్లేయర్ ఉన్న చోటికి సిగ్నల్ సరిగ్గా చేరడం లేదు. కేబుల్ మీద కూడా ఆగుతుంటే నాస్ అప్పుడే ఏదైనా బ్యాకప్‌లోనో, జాబితా పనిలోనో ఉందేమో చూడండి. అదీ కాదంటే, ఆగే పాట ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా అని గమనించండి. ఒకే చోట ఆగితే ఆ ఫైల్ చెడిపోయి ఉండొచ్చు.

చెడిన ఫైళ్లు పట్టుకోవడానికి ఫ్లాక్‌లో మంచి ఏర్పాటు ఉంది. దాదాపు ప్రతి ఫ్లాక్ ఫైల్ లోపల అసలు ధ్వని నుంచి లెక్కకట్టిన ఎండీ5 అనే గుర్తు దాచి ఉంటుంది. ఫ్లాక్ ప్రోగ్రామ్‌లోని టెస్ట్ ఆప్షన్‌గానీ, ఫూబార్2000లో ఫైల్ ఇంటెగ్రిటీ వెరిఫయర్‌గానీ నడిపితే, ఫైళ్లన్నీ విప్పి ఆ గుర్తుతో పోల్చి తేడా ఉన్నవాటి పేర్లు చెబుతుంది. బ్యాకప్ డిస్క్‌ని నింపే ముందు ఏడాదికోసారి ఈ పరీక్ష నడపండి, ఎందుకంటే చెడిన ఫైల్‌ని మంచి కాపీ మీద రాసేస్తే ఇక రెండూ పోయినట్టే. అదే రోజు బ్యాకప్ డిస్క్‌లోంచి ఒక ఆల్బమ్‌ని కంప్యూటర్‌లోకి తెచ్చుకుని మొదటి పాట నుంచి చివరి దాకా వినండి.